ఇటలీ స్కూటరుకి గోత్రం దొరికిన వైనం

ఆంధ్రదేశంలో స్కూటర్ని మొట్టమొదట పక్కకి వంచి స్టార్టు చేసిన మహానుభావుడెవరో చరిత్రకారులు ఇంతవరకూ తేల్చలేదు. శాసనాలు లేవు. తాళపత్రాలు లేవు. అయితే 1984 నాటికి ఈ ఆచారం కృష్ణకీ గుండ్లకమ్మకీ మధ్యనున్న నల్లరేగడి నేలంతా వ్యాపించిందన్నది మాత్రం నిర్వివాదాంశం. బ్యాంకు మేనేజర్లు, ఎరువుల కొట్టు యజమానులు, హైస్కూలు హెడ్మాస్టర్లు కులమత భేదాలు లేకుండా పొద్దున్నే బండిని ఎడమపక్కకి పడుకోబెట్టేవారు. నిద్రపోయిందేమోనన్నట్టు రెండు క్షణాలు చూసి, లేపి, కిక్కు కొట్టేవారు. వంచితే పెట్రోలు లోపలికి దిగుతుందని శాస్త్రం. ఆ శాస్త్రం ఎవరు చెప్పారని ఎవరూ అడగలేదు.

ఈ ఆచారానికి దిక్కు అనేదాన్ని చేర్చినవారు నాగిళ్లపాలెం పురోహితులు జానకిరామయ్యగారు. లోకమంతా బండి ఎటు నిలబడి ఉంటే అటే వంచేది. ఆయన ముందు దాని ముఖం తూర్పుకి తిప్పి, ఆ తరవాత వంచేవారు. నిజానికి ఆయనది ఇటలీలో పుట్టిన లాంబ్రెట్టా. దానికి వంపులతో పనిలేదు. ఆ మాట మెకానిక్కు మీరా హుస్సేన్ చాలాసార్లు చెప్పాడు.

"వంచకపోయినా లేస్తదండీ పంతులుగారూ. ఇది వేరే జాతి."

"వంగకుండా లేచే ప్రాణి ఎక్కడైనా ఉందటయ్యా? పొద్దున్నే మంచం మీంచి మనం ఎట్టా లేస్తున్నాం?"

మీరా హుస్సేన్ పంతులుగారితో అయిదో తరగతి దాకా కలిసి చదువుకున్నాడు. వాదనలో ఆయన్ని గెలవడం కుదరదని ఒకటో తరగతిలోనే తెలుసుకున్నాడు. 

ఈ తూర్పు వంపు మొదటిసారిగా జరిగింది రక్తాక్షి నామ సంవత్సరం, అంటే ఆ 1984 లోనే, కార్తీక మాసంలో, మూతపడ్డ ఒక పొగాకు గోడౌను ఆవరణలో. ఆనాటికి పంతులుగారి పన్నెండు ఊళ్ల పౌరోహిత్యం ఒక మోకాలి మీద ఆధారపడి ఉంది. ఆ మోకాలు బాగాలేదు.

జానకిరామయ్యగారికి అప్పుడు నలభై అయిదేళ్లు. పద్దెనిమిదో ఏట తండ్రి వెనక బయలుదేరారు. చిలకలూరిపేటకీ మార్టూరుకీ మధ్య పన్నెండు ఊళ్లు ఆయనవి. అంటే ఆ ఊళ్లలో ఎవరు పుట్టినా, పెళ్లాడినా, ఇల్లు కట్టినా, పోయినా ఆయన రావాలి. ఇరవై ఏడేళ్లలో ఆయన చేయించిన పెళ్లిళ్లలో ముహూర్తం దాటిన పెళ్లి ఒక్కటి లేదు. జీలకర్రా బెల్లం ఎనిమిదీ పన్నెండుకి అంటే ఎనిమిదీ పన్నెండుకే. ఎనిమిదీ పదకొండుకి పెట్టబోయిన ఒక పెళ్లికొడుకు చెయ్యి గాల్లోనే పట్టుకుని నిమిషంపాటు ఆపిన సందర్భం ఉంది. ఆ పెళ్లికొడుకు జీవితంలో తనకి దొరికిన విశ్రాంతి అదొక్కటేనని తరవాత చెప్పుకునేవాడు.

ఈ ఘనతంతా సైకిలు మీద సాధించింది. ఇరవై ఏడేళ్లు సైకిలు తొక్కితే చక్రాలు మార్చుకోవచ్చు గాని మోకాళ్లు మార్చుకోవడానికి లేదు. కుడి మోకాలు ముందు మూలిగింది, తరవాత వాచింది. ఆ శ్రావణంలో ఈదులపాలెంలో పెళ్లి. రాత్రంతా కురిసి డొంక రోడ్డు మెత్తబడింది. తడిసిన నల్లరేగడి సంగతి తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. చక్రానికీ మడ్గార్డుకీ మధ్య సిమెంటులా పట్టేస్తుంది. పంతులుగారు మైలున్నర దూరం సైకిల్ని భుజాన వేసుకుని, కుంటుకుంటూ, మోకాళ్ల దాకా మట్టి మేజోళ్లతో పందిట్లో అడుగుపెట్టారు. ముహూర్తానికి ఇంకా నాలుగు నిమిషాలుంది. కాళ్లు కడుక్కోవడానికి మూడు పట్టింది.

పెళ్లయ్యాక ఊరి పెద్ద బుల్లయ్య ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టాడు. మిరపతోట, పత్తి చేను, పది మందికి చెప్పే నోరు ఉన్న మనిషి. ఆయన ఒక పురోహితుణ్ణి మారిస్తే చుట్టుపక్కల పదకొండు ఊళ్లూ మారుస్తాయి.

"పంతులుగారూ, ఉన్న మాట అంటున్నా, ఏమనుకోబాకండి. వైశాఖంలో మా మనవరాలి పెళ్లి చేద్దామనుకుంటున్నా."

"దివ్యంగా చేద్దాం."

"చేద్దాం గాని, ఇవాళ నా గుండె నోట్లోకొచ్చిందయ్యా. పేటలో ఒక కుర్ర పంతులు దిగాడు. లూనా మీద తిరుగుతున్నాడు. మంత్రాలు సగం మింగేస్తాడనుకోండి. కానీ టయానికొచ్చి మింగుతాడు."

జానకిరామయ్యగారు పంచె అంచున మిగిలిన మట్టిని గోటితో గీకారు.

"మా నాయన పెళ్లి మీ తాతగారు చేశారు. నా పెళ్లి మీ నాయనగారు చేశారు. మిమ్మల్ని కాదనాలని నాకేం సరదా? వైశాఖం నాటికి ఏదైనా బండి చూసుకోండి. సైకిలు మీదే వస్తానంటే మాత్రం నేను ఆ లూనా అబ్బాయికి కబురు పెడతా."

పంతులుగారు ఇంటికొచ్చి భార్య దుర్గాంబతో ఈ విషయం చెప్పకుండా ఉందామనుకున్నారు. కాని ఆవిడ మోకాలికి ఆముదం రాస్తూ మొత్తం రాబట్టింది.

"అయితే మనమూ ఒక లూనా కొందాం" అందావిడ.

"దాన్ని పెడల్ తొక్కి లేపాలే. ఆ తొక్కుడే కదా నా వల్ల కానిది."

కొత్త స్కూటరు మాట తలపెట్టడానికి లేదు. ఆ రోజుల్లో స్కూటరుకి పేరు రాయించుకున్నవాడు తన వంతు వచ్చేసరికి ఆ ఊరి నుంచి ట్రాన్స్‌ఫరయినా అయ్యేవాడు, రిటైరయినా అయ్యేవాడు. అలాంటి సమయంలో పేట నుంచి మీరా హుస్సేన్ ఊపిరి ఎగబీల్చుకుంటూ వచ్చాడు. హైవే పక్కన పాతికేళ్లుగా తాళంపడి ఉన్న పొగాకు కంపెనీ గోడౌను ఖాళీ చేస్తున్నారట. ఇనుప సామానంతా తూకానికి అమ్మేస్తున్నారట. మూల గోనెసంచుల కింద ఒక స్కూటరు పడుకుని ఉందట.

"నడుస్తుందా?"

"గుండెకాయ బాగానే ఉందండి. మిగతాది నేను చూసుకుంటా."

ఆ స్కూటర్ని వాడినవాడు పొగాకు ఆకు నాణ్యం చూడ్డానికి సీమ నుంచి వచ్చిన ఒక దొర. కంపెనీ ఆవరణ అరవై ఎకరాలు. ఆయన ఆ అరవై ఎకరాల్లోనే తిరిగి, ఒక్కసారి కూడా గేటు దాటకుండా, స్కూటర్ని వదిలేసి దేశం వెళ్లిపోయాడు. అందువల్ల దానికి నంబరు లేదు. చట్టం దృష్టిలో అది పుట్టనే లేదు.

పంతులుగారు దాన్ని తూకం లెక్కనే కొన్నారు. మీరా హుస్సేన్ నెలరోజులు దాని మీద పడ్డాడు. ఎలకలు కాపురం పెట్టిన సీటు పీకి కొత్తది కుట్టించాడు. మార్టూరు రాళ్ల మిషను తాలూకు రబ్బరు ముక్క ఒకటి, ఆయిలింజను స్ప్రింగు ఒకటి తెచ్చి, ఇటలీవాడు చూస్తే ఏడ్చే రీతిలోనో దణ్ణం పెట్టే రీతిలోనో అమర్చాడు. కార్తీక సోమవారంనాడు గోడౌను ఆవరణలో పంతులుగారు దాన్ని తూర్పుకి వంచారు. ఎడం కాలితో కిక్కు కొట్టారు. అది లేచింది. ఆయన పంచె గోచీ బిగించి, ఆవరణలోనే పదిహేను రోజులు నేర్చుకుని, లైసెన్సు కూడా తెచ్చుకున్నారు.

"ఇంకేంటండీ, పదండి ఇంటికి తోలుకుపోదాం" అన్నాడు మీరా.

"నంబరేదీ?"

"ఎవరడుగుతారండీ? పిలక చూసి పోలీసులే పక్కకి తప్పుకుంటారు."

"ఎవరూ అడగరనే కదా మీరా, మనల్ని మనం అడుక్కోవాల్సింది. అగ్నిహోత్రం ముందు కూర్చోబెట్టి ఒకరి చేత ప్రమాణాలు చేయిస్తా. బయటికొచ్చి దొంగబండి ఎక్కుతానా?"

పంతులుగారిలో ఈ గుణం పన్నెండు ఊళ్లకీ తెలిసిందే. దానివల్ల ఆయన్ని గౌరవించేవాళ్లు ఎక్కువ, ఆయనతో ప్రయాణం పెట్టుకునేవాళ్లు తక్కువ. గోడౌను నుంచి నాగిళ్లపాలెం అయిదు మైళ్లు. ఆ అయిదు మైళ్లూ ఇటలీ లాంబ్రెట్టా ఎడ్లబండి మీద, గడ్డి పరుపు మీద, ఎద్దుల వెనక వచ్చింది.

రిజిస్ట్రేషను ఫారంలో మొదటి గడిలోనే చిక్కొచ్చింది. ఛాసిస్ నంబరు రాసి, ఆ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది, పడిన అచ్చు జతపరచాలి. నంబరున్న చోటు దొరికింది గాని నంబరు దొరకలేదు. దొర వెళ్లిపోయాక కూడా గోడౌను వాచ్‌మన్ ప్రతి దసరాకీ స్కూటరుకి పసుపు, కుంకుమ, గంధం పెట్టాడు. అంత పెద్ద బండిలో ఆయన ఎన్నుకున్న చోటు సరిగ్గా ఆ నంబరు పలకే. పాతిక దసరాలు ఒకదాని మీద ఒకటి ఎండి రాయిలా తయారయ్యాయి. మీరా ఉలి తీశాడు.

"అది ఇలా పడెయ్" అంది దుర్గాంబ. "అంకెలు చెక్కేస్తావేమిటయ్యా?"

ఆవిడ గుప్పెడు చింతపండు నానబెట్టి తెచ్చింది. పూజగది ఇత్తడి కుందుల్ని తోమే పద్ధతిలోనే, ఆ పాటలు పాడుతూనే, గంటసేపు తోమింది. ముందు ఎరుపు, తరవాత పసుపు, తరవాత వట్టి లోహం, చివరికి ఆరంకెలు. మీరా పెన్సిల్ రుద్దితే అచ్చు ముత్యాల్లా పడింది.

మాఘంలో బండిని పట్నంలో రిజిస్ట్రేషను ఆఫీసుకి తీసుకెళ్లాలి. నంబరు లేని బండిని నంబరు కోసం కూడా రోడ్డెక్కించనన్నారు పంతులుగారు. ఈదులపాలెం నుంచి మిరపకాయల లారీ ఆ పట్నంలోని మిర్చి యార్డుకి పోతుంటే మీరా బతిమాలి ఎక్కించాడు. ఘాటైన కొత్తకాయ, రెండొందల టిక్కీలు, అంటే గోనె మూటలు. వాటి మధ్య గోతిలాగా చేసి స్కూటర్ని దింపారు. పంతులుగారు ముందు కూర్చున్నారు. ముప్పై మైళ్ల గతుకుల్లో వెనక ఏం జరిగిందో ఎవరూ చూడలేదు.

వాహనాల్ని పరీక్షించే అధికారిని జనం బ్రేకు ఇన్‌స్పెక్టరంటారు. ఆనాటి బ్రేకు ఇన్‌స్పెక్టరు శేషాచలంగారు ఇస్త్రీ మడత నలగని మనిషి. రూలు పుస్తకం చదివి ఊరుకోకుండా నమ్మేవారు కూడా. ఆయన లాంబ్రెట్టా చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. హారను కొట్టారు. లైటు వేశారు. ఇంజను నంబరు చూడ్డానికి పక్కన మోకాలు వేసి, ముఖం దగ్గరగా పెట్టారు.

"స్టార్టు చెయ్యండి."

పంతులుగారు తూర్పెటో వాకబు చేసి, తిప్పి, వంచి, కిక్కు కొట్టారు.

ఆ స్కూటర్లో ఇంజన్ని చల్లబరచడానికి లోపలొక ఫ్యాను ఉంటుంది. ఇటలీవాడు దాన్ని చల్లగాలి కోసం పెట్టాడు. మిరపకాయల లారీ గురించి అతనికి ఎవరూ చెప్పలేదు. ముప్పై మైళ్ల దుమ్ము, గింజా, తొడిమా ఆ ఫ్యాను గూట్లో చేరి వేచి ఉన్నాయి. ఇంజను ఒక్కసారి ఉరిమింది. ఎర్రటి మేఘం ఒకటి లేచి, శేషాచలంగారి ముఖాన్ని ఆశీర్వదించి, కిటికీల్లోంచి ఆఫీసులోకి నడిచింది.

ముందు ఇన్‌స్పెక్టరు తుమ్మారు. తరవాత ప్యూన్లు. తరవాత ఫైళ్ల గదిలో హెడ్‌క్లర్కు జక్రయ్య. లైసెన్సు కోసం వచ్చి వరసలో నిలబడ్డ నలభై మంది తుమ్ముతూ వరస కలిపేసుకున్నారు. ఎవరు ముందో తరవాత ఎవరికీ తేలలేదు. మీరా ఇంజను ఆపేసి, తలమీది రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, నేరస్థుడిలా నిలబడ్డాడు. జానకిరామయ్యగారు పరుగున వెళ్లి కుండలోంచి చెంబుతో నీళ్లు తెచ్చి ఇన్‌స్పెక్టరు చేతిలో పోశారు. ఆ కంగారులో ఆచమనం మంత్రం కూడా మొదలెట్టబోయి ఆపుకున్నారు.

శేషాచలంగారు ముఖం కడుక్కుని, ఎర్రటి కళ్లతో లేచారు.

"పద్దెనిమిదేళ్లుగా ఈ ఉద్యోగం చేస్తున్నానండీ. ఒకరి బండి కోసం కన్నీళ్లు పెట్టుకోవడం ఇదే మొదలు."

"క్షమించాలి బాబూ. నంబరు లేకుండా రోడ్డెక్కకూడదని లారీ మీద..."

"నడిపించుకుంటూ రాలేదా మీరు?" ఇన్‌స్పెక్టరు కళ్లు తుడుచుకోవడం ఆపి ఆయన్ని చూశారు. "నంబరు లేదని నిజంగా లారీ ఎక్కించారా?"

"అవునండి."

శేషాచలంగారు రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. రూలుని తనకన్నా ఎక్కువగా నమ్మినవాణ్ణి ఆయన అంతకుముందు చూడలేదు. చూశాక కొంచెం ఇబ్బందిపడ్డట్టు కూడా కనిపించారు.

"బండి బాగుంది. బ్రేకులు బాగున్నాయి. గాలి సంగతి నేను రాయను. కాని పంతులుగారూ, ఇది ఇటలీది. ఓడ దిగి, పన్ను కట్టి, సక్రమంగా ఈ దేశంలోకి వచ్చిందని కాగితం ఏదీ?"

"లేదండి."

"అది లేకపోతే నేను నంబరివ్వలేను సరికదా, దొంగసరుకు కింద పట్టుకోవాలి. పట్టుకోను. వైశాఖం దాకా టైమిస్తాను. మద్రాసు కస్టమ్స్‌కి మేమే ఒక ఉత్తరం రాస్తాం."

బయట చెట్టుకింద ఫారాలు నింపే ఏజెంటొకడు ఇదంతా విన్నాడు. పంతులుగార్ని పక్కకి పిలిచాడు.

"ఎందుకండీ ఈ మద్రాసు గొడవ? నా దగ్గర చచ్చిపోయిన స్కూటరు తాలూకు నంబరుంది, బుక్కుంది. దీనికి తగిలించేద్దాం. సాయంత్రానికి మీరు ఇంట్లో ఉంటారు."

"నాయనా, నీకు పెళ్లయిందా?"

"అయిందండి."

"మీ పెళ్లిలో పంతులు నీ గోత్రం బదులు ఇంకెవరి గోత్రమో చెప్పి కన్యాదానం చేయిస్తే ఒప్పుకునేవాడివా?"

ఏజెంటు ఆలోచించాడు. "మా మావగారు ఒప్పుకోడండి."

"ఇదీ అంతే."

మద్రాసు నుంచి జవాబు ఫాల్గుణంలో వచ్చింది. మర్యాదగా ఉంది, పనికిరాకుండా ఉంది. హార్బరులో దిగిన సరుకుల రిజిస్టర్లు గదుల నిండా ఉన్నాయి. ఏ సంవత్సరం, ఏ నెలో చెబితే వెతికిస్తాం. చెప్పకపోతే వెతకడం సాధ్యం కాదు. కంపెనీవాళ్ల దగ్గర కాగితాలు లేవు. వాచ్‌మన్‌ని అడిగితే "మా పెద్దోడు పుట్టిన యేడు" అన్నాడు. పెద్దోణ్ణి అడిగితే తను ఎప్పుడు పుట్టాడో నాన్నకే తెలుసన్నాడు.

ఆ యేడు చైత్రంలో శుక్రమూఢం తగిలి పెళ్లిళ్లు ఆగాయి. పంతులుగారికి ఇంట్లో కూర్చునే తీరిక దొరికింది, కూర్చోబుద్ధి కాలేదు. బుల్లయ్య మనవరాలికి ముహూర్తం పెట్టమని కబురొచ్చింది. ముహూర్తం పెట్టించుకోవడం ఈయన దగ్గరే, పెళ్లి చేయించేది ఎవరన్నది మాత్రం ఇంకా తేలలేదు. ఆయన మంచి లగ్నమే పెట్టి పంపారు. లూనా కుర్రాడు దాన్ని పాడుచేస్తాడేమోనన్న బెంగతో ఆ రాత్రి అన్నం సయించలేదు.

"దొర బండికి అప్పట్లో పూజ చేసింది ఎవరండీ?" అంది దుర్గాంబ విస్తరి తీస్తూ. "ఆ కుంకుమ అడుగు పొర మాత్రం వాచ్‌మన్ పెట్టింది కాదు. కింద స్వస్తిక్ గుర్తు చక్కగా, కొలిచి వేసినట్టుంది. తోమేటప్పుడు చూశాను. మామగారు అలాగే వేసేవారు."

జానకిరామయ్యగారు చెయ్యి కడుక్కోకుండానే లేచారు.

పురోహితుల ఇళ్లలో పాత పంచాంగాలు పారేయరు. ఏ రోజు ఎక్కడికి వెళ్లిందీ, ఏం చేయించిందీ ఆ తిథి పక్కన అంచులో సన్నగా రాసుకుంటారు. తండ్రిగారు ముప్పై ఎనిమిదేళ్ల పంచాంగాలు కట్టలు కట్టి అటకమీద పెట్టి పోయారు. మర్నాడు పొద్దున్నే పంతులుగారు మోకాలి సంగతి మరిచి నిచ్చెన ఎక్కారు. మన్మథ వెతికారు, దుర్ముఖి వెతికారు. హేవిళంబిలో, కార్తీక శుద్ధ దశమి శనివారం పక్కన, తండ్రి చేతిరాత కనిపించింది:

"పొగాకు దొరగారికి నిన్న ఓడ సరుకుతో వచ్చిన రెండు చక్రముల బండికి పూజ. సంభావన బిస్కత్తుల డబ్బా ఒకటి. నేను ముట్టలేదు. చి. జానకిరాముడు ముట్టెను. ఖాళీ చేసెను."

ఆయన నిచ్చెన మీదే కూర్చుండిపోయారు. స్కూటరు అసలు గుర్తు లేదు. బిస్కత్తులు గుర్తొచ్చాయి. మీద పంచదార పలుకులుండేవి.

హేవిళంబి కార్తీక శుద్ధ దశమి అంటే 1957 నవంబరు రెండు. పంచాంగం చంకన పెట్టుకుని ఆయన బస్సెక్కి ఆఫీసుకి వెళ్లారు. జక్రయ్య ఆ పేజీని కళ్లజోడు పైకెత్తి చూశాడు, దించి చూశాడు.

"ఏవండీ, ఇది మీ నాన్నగారి చేతిరాత. మీకు కావలసిన సంగతి. మీ ఇంట్లో దొరికింది. గవర్నమెంటు దీన్ని ఎట్టా నమ్ముద్దండీ?"

"కిందికి చదవండి."

అదే పేజీలో అయిదు వరసలు దిగాక, పౌర్ణమి పక్కన, అదే సిరాతో, అదే చేతితో "చంద్రగ్రహణము. సంపూర్ణము. సాయంకాలము పట్టు స్నానము" అని ఉంది.

"ఆ యేడు కార్తీక పౌర్ణమికి గ్రహణం పట్టిందో లేదో మీరు ఎక్కడైనా విచారించుకోండి. మా నాన్నగారు బిస్కత్తుల కోసం గ్రహణం పట్టించలేరు కదండీ."

జక్రయ్య నవ్వాడు. ఆఫీసులో పాతికేళ్లుగా నవ్వని మనిషని పేరు. శేషాచలంగారు పేజీ చూసి, అందులోని బిస్కత్తుల వాక్యం రెండుసార్లు చదివారు.

"తనకి విరోధమైన సాక్ష్యం కూడా దాచకుండా తెచ్చారు" అన్నారు. "రాయండి జక్రయ్యగారూ, మద్రాసుకి. అక్టోబరు, నవంబరు నెలలు, పంథొమ్మిదొందల యాభై ఏడు."

మద్రాసువాళ్లు ఈసారి ఇరవై రోజుల్లో పంపారు. అక్టోబరు ఆఖరి వారంలో దిగిన ఓడ, కంపెనీ పేరు, కట్టిన పన్ను, ఒక స్కూటరు. కింద దుర్గాంబ తోమిన ఆరంకెలూ అదే వరసలో ఉన్నాయి.

రెండోసారి స్కూటరు పత్తి బోరేల లారీ మీద వెళ్లింది. మీరా దాన్ని తలనుంచి చక్రాల దాకా దుప్పట్లతో చుట్టి, పెళ్లికూతుర్ని దింపినట్టు దింపాడు. శేషాచలంగారు ఇరవై అడుగుల దూరంలో, గాలి తన వీపుకి తగిలే పక్కన నిలబడ్డారు.

"మీరు స్టార్టు చెయ్యండి పంతులుగారూ. నేను ఇక్కణ్ణుంచి వింటాను."

ఏ మేఘమూ రాలేదు. నంబరొచ్చింది. పెయింటరు ఆ ఆఫీసు గోడ పక్కనే కూర్చుని నల్లపలక మీద తెల్లగా రాశాడు. తడి ఆరేదాకా పంతులుగారు ఉత్తరీయంతో విసురుతూ నిలబడ్డారు. ఆ పైన ముప్పై మైళ్లు, వెనక మీరా హుస్సేన్‌తో, సొంత చక్రాల మీద ఇంటికొచ్చారు. దారిలో ఒక పోలీసు ఆపుతాడేమోనని పంతులుగారు ఆశపడ్డారు. చూపించడానికి అన్ని కాగితాలూ ఉన్నాయి. ఎవరూ ఆపలేదు.

వైశాఖంలో బుల్లయ్య మనవరాలి పెళ్లి. ముహూర్తం ఉదయం ఎనిమిదీ నలభై రెండు. అంతకుముందు రాత్రి వాన పడి డొంక రోడ్డు జిగురెక్కింది. పంతులుగారు హైవే మీదుగా నాలుగు మైళ్లు చుట్టు తిరిగి, పంచె మీద బురద చుక్క లేకుండా, ఆరింటికే ఈదులపాలెంలో దిగారు. పందిరి వేసేవాళ్లే ఇంకా పూర్తిగా లేవలేదు. బుల్లయ్య వేపపుల్ల నోట్లో పెట్టుకుని బయటికొచ్చి, స్కూటరు చుట్టూ తిరిగి, నంబరు పలక మీద అంకెలు ఒక్కొక్కటే పైకి చదివాడు.

"అయితే ఇది ఇక గవర్నమెంటు బండేనన్నమాట."

"గవర్నమెంటుది కాదు బుల్లయ్యగారూ, నాదే. నాదని గవర్నమెంటు ఒప్పుకుంది."

"ఆ లూనా అబ్బాయికి నేనేం కబురు పెట్టలేదులెండి" అన్నాడు బుల్లయ్య, పుల్ల తీసి ఉమ్మేసి. "మీరొస్తారని నాకు తెలుసు. ఊరికే అన్నా."

"మీరు ఊరికే అనలేదు."

"లేదులే. నిజంగానే అన్నా. కాఫీ తాగుతారా?"

పంతులుగారు పీటలు వేయించారు. కొబ్బరి బొండాలు, తలంబ్రాలు, తెర, అన్నీ ఎడమచేతికి అందేట్టు సర్దించారు. ఎనిమిదింటికి గౌరీపూజ అయింది. ఎనిమిదీ పావుకి పెళ్లికూతురు గంపలో కూర్చుని సిద్ధంగా ఉంది. మేనమామలు గంప అంచులు పట్టుకుని వంగి నిలబడ్డారు. పంతులుగారు జీలకర్రా బెల్లం తమలపాకులో పెట్టి, చేతి గడియారం విప్పి ఎదురుగా పీట మీద పెట్టుకున్నారు. ఊరంతా పందిట్లో ఉంది.

పెళ్లికొడుకు వాళ్ల బస్సు పిడుగురాళ్ల దాటగానే టైరు పగిలి ఆగిపోయింది. అది ఈదులపాలెం చేరేసరికి పదీ పావయింది.